నాన్న ఊళ్లో లేని రెండు రోజులు

ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. ఊరూ పేరూ రాయలేదు, రాయనక్కరలేదు కూడా. ఆమెకు ఇద్దరు కూతుళ్లు. పెద్దమ్మాయికి ఎనిమిదేళ్లు, చిన్నమ్మాయికి నాలుగున్నర. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తారు, ఇద్దరికీ శని, ఆదివారాలు సెలవు. ఆ రెండు రోజులకు శుక్రవారం రాత్రే ఒక జాబితా తయారవుతుంది. తయారు చేసేది ఆమె. ఎక్కడికి వెళ్లాలి, ఎన్నింటికి బయలుదేరాలి, ఎవరు ఏ బట్టలు వేసుకోవాలి, తిరిగి వచ్చాక ఏ పనులు మిగిలి ఉంటాయి, అన్నీ అందులో ఉంటాయి. భర్త మంచివాడని ఉత్తరంలో మూడుచోట్ల రాశారు. ఇంటిపని పంచుకుంటాడు, పిల్లల మీద చెయ్యెత్తడు, గొంతు పెంచడు.

నెల క్రితం ఆయన ఆఫీసు పని మీద శుక్రవారం సాయంత్రం వేరే ఊరు వెళ్లి, ఆదివారం రాత్రి తిరిగి వచ్చారు. ఇద్దరు పిల్లలతో రెండు రోజులు ఒక్కదాన్నే ఎలా నెట్టుకురావాలా అని ఆమె దిగులు పడ్డారు. ఆ రాత్రి జాబితా రాసే ఓపిక లేక పడుకున్నారు.

శనివారం పొద్దున వంటింటి కిటికీ కింద చీమల బారు కనబడింది. చిన్నమ్మాయి దాని వెంట పాకుతూ బయలుదేరింది. తడిగుడ్డ పట్టుకుని వచ్చిన తల్లి, తుడవబోయి ఆగిపోయారు. తర్వాత గంటసేపు ముగ్గురూ నేల మీద బోర్లా పడుకుని చీమలు ఎటు పోతున్నాయో చూశారు. పెద్దమ్మాయి పాత నోటుపుస్తకం ఒకటి తెచ్చి, “పదకొండో చీమ బరువు మోస్తోంది, పన్నెండో చీమ ఊరికే నడుస్తోంది” అని రాసుకుంది. బారు వెనకవైపు గోడ కిందకు దూరిపోయింది. అవతల ఏముందో ఎవరికీ తెలియలేదు. మధ్యాహ్నం ఆ పుస్తకం దగ్గరే ఇద్దరూ కొట్టుకున్నారు. పెద్దమ్మాయి గదిలోకి వెళ్లి తలుపేసుకుని, అరగంటకు తనే బయటికి వచ్చింది. సాయంత్రం ముగ్గురూ దగ్గరి స్టాపులో ఆగిన బస్సెక్కి, అది ఎక్కడిదాకా వెళ్తే అక్కడిదాకా వెళ్లారు. చివరి స్టాపులో ఒక నీళ్లట్యాంకు, రెండు కుక్కపిల్లలు తప్ప చూడ్డానికి ఏమీ లేదు. కుక్కపిల్లల్ని చూసి, అదే బస్సులో తిరిగి వచ్చారు. చిన్నమ్మాయి ఒళ్లో నిద్రపోయింది.

ఆదివారం గడప దాటలేదు. పాత బొత్తాల డబ్బా బోర్లించి రంగులవారీగా కుప్పలు పెట్టారు. సాయంత్రం కూతుళ్లిద్దరూ కలిసి అమ్మ తల దువ్వి, ఇంట్లో ఉన్న క్లిప్పులన్నీ ఆమె జుట్టుకే పెట్టారు. అద్దంలో చూసుకుని ముగ్గురూ పొట్టలు నొప్పెట్టేలా నవ్వారు. “పిల్లలు పుట్టాక ఇంత నిండుగా గడిచిన రోజులు నాకు గుర్తులేవు” అని ఆమె రాశారు.

ఆ రాత్రి తండ్రి తలుపు తట్టాడు. చిన్నమ్మాయి పరుగెత్తుకుంటూ వెళ్లి ఆయన కాళ్లు చుట్టేసుకుని, తల పైకెత్తి అడిగింది: “నాన్నా, మళ్లీ ఎప్పుడు వెళ్తావు?”

ఆయన నవ్వారు. భోజనం మాత్రం చేయలేదు. మర్నాడు ఈ సంగతి విన్న అమ్మమ్మ, పిల్లచేత తండ్రికి సారీ చెప్పించమంది. చెప్పించారు. చిన్నది చెప్పింది, చెప్పి తల్లివైపు తిరిగి, “దేనికి సారీ?” అని అడిగింది. ఈమె దగ్గర జవాబు లేదు. బుధవారం భర్త పడుకోబోతూ, “మీ ముగ్గురికీ నేను లేకపోతేనే బాగుంటుందేమో” అన్నారు. దానికీ జవాబు లేదు. వచ్చే శనివారం అదే ఆనందాన్ని నలుగురూ కలిసి పంచుకుంటే అన్నీ సర్దుకుంటాయని అనుకుని, ఈసారి జాబితాలో రాసి మరీ, ఎండపూట అదే బస్సెక్కించారు. “ఎక్కడికి వెళ్తున్నాం?” అని ఆయన అడిగారు. “ఎక్కడికీ కాదు.” “మరి ఎందుకు?” చివరి స్టాపులో కుక్కపిల్లలు లేవు. నిద్ర చాలక చిన్నది ఏడుపు అందుకుంది. “పోయినసారే బాగుంది” అంది పెద్దది. బస్సులో అందరిముందూ పెద్దదాని మీద ఆమె అరిచారు. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదు.

ఆమె ప్రశ్నలు మూడు. భర్త లేనప్పుడు అంత సంతోషంగా ఉండటం తప్పా? అలా ఉన్నానంటే మా కాపురంలో నాకు తెలియని లోపం ఏదైనా ఉందా? ఆ రెండు రోజుల్ని మళ్లీ తెచ్చుకోవాలంటే ఏం చేయాలి?

అమ్మా,

మీ ఉత్తరాన్ని నాలుగైదుసార్లు చదివాను. చీమల దగ్గర ప్రతిసారీ ఆగిపోయాను. తడిగుడ్డ చేతిలో ఉండి కూడా తుడవకుండా ఆగారే, మీ రెండు రోజులూ ఆ ఆగడంలోనే మొదలయ్యాయని నాకనిపించింది. మిగిలినదంతా దాని వెనకే వచ్చింది.

రెండో ప్రశ్న మీద మొదట ఒక మాట అడగాలి, ఎందుకంటే దాని జవాబును బట్టి మిగతాదంతా మారిపోతుంది. ఆయన మంచివాడని మూడుసార్లు రాశారు. నేను నమ్ముతున్నాను. అయినా మీ అంతట మీరు ఒకసారి చూసుకోండి: సాయంత్రం ఆయన వచ్చిన చప్పుడు వినగానే మీ ఒళ్లు బిగుసుకుంటుందా? పిల్లలు నవ్వు ఆపేస్తారా? ఆయనకు ఏది చెప్పాలి, ఏది చెప్పకూడదు అని ముందే లెక్క వేసుకుంటారా? వీటికి అవునని జవాబు వస్తే ఆ రెండు రోజుల హాయికి పేరు వేరు, దాన్ని భయం తీరడం అంటారు. అలాంటప్పుడు బస్సుల గురించీ బొత్తాల గురించీ నేను చెప్పేవి మీకు పనికిరావు. నమ్మకమైన మనిషితోనో కుటుంబ సలహాదారుతోనో విడిగా కూర్చుని మాట్లాడవలసిన సంగతి అది. కాళ్లు చుట్టేసుకోవడానికి పరుగెత్తిన పిల్లను చూస్తే మీ ఇల్లు అలాంటిది కాదనే నాకు తోస్తోంది. కాదన్న నమ్మకంతోనే మిగతాది రాస్తున్నాను.

ఆ పరుగు గురించి మీరు ఒక్క వాక్యం రాసి వదిలేశారు. మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం అదే. తండ్రి వెళ్లిపోవాలని కోరుకునే పిల్ల ఆయన కాళ్లు పట్టుకోదు. నాలుగున్నరేళ్ల పిల్లకు ఒక లెక్క తెలిసింది: నాన్న ఊరెళ్లాడు, చీమలు వచ్చాయి, బస్సు వచ్చింది, క్లిప్పుల ఆట వచ్చింది. అవన్నీ మళ్లీ రావాలంటే మొదట జరిగింది మళ్లీ జరగాలి. అందుకే ఆ మొదటిదాని తేదీ అడిగింది. వాన పడిన రోజు సెలవు ఇచ్చారని గుర్తుంచుకుని, మళ్లీ వాన ఎప్పుడని అడిగే పిల్ల ప్రశ్నకూ దీనికీ తేడా లేదు.

ఆ మాటలో నొప్పి ఉందని ఆ పిల్లకు తెలిసే అవకాశం కూడా తక్కువ. 1983లో హైన్స్ విమ్మర్, జోసెఫ్ పెర్నర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చిన్నపిల్లలకు ఒక కథ చెప్పి చూశారు. ఒక అబ్బాయి చాక్లెట్‌ను ఒక అరలో దాచి బయటికి వెళ్తాడు. వాడు లేనప్పుడు వాళ్లమ్మ దాన్ని వేరే అరలోకి మారుస్తుంది. తిరిగి వచ్చిన అబ్బాయి ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ల పిల్లలు ఇప్పుడు చాక్లెట్ ఉన్న అరనే చూపిస్తారు. తమకు తెలిసింది ఆ అబ్బాయికి తెలియదన్న ఊహ వాళ్లకు అందదు. నాలుగు, ఐదేళ్ల మధ్య ఆ ఊహ నెమ్మదిగా అందుతుంది. మీ చిన్నమ్మాయి సరిగ్గా ఆ గడప మీద ఉంది. చాక్లెట్ ఎక్కడ వెతుకుతాడో చెప్పగలగడమే ఇంకా కొత్త విద్య అయిన వయసులో, ప్రయాణం చేసి అలసి వచ్చిన తండ్రి తన ప్రశ్నలో ఏ అర్థం వింటాడో ఊహించమనడం చాలా ఎక్కువ. అందుకే “దేనికి సారీ?” అని అడిగింది. ఎదురు చెప్పాలని కాదు, నిజంగానే తెలియక అడిగింది. దాని సంగతికి చివర్లో వస్తాను.

ఇక మీ సంతోషం. అది తప్పు కాదు, అందులో సందేహం అక్కరలేదు. అయితే అది ఎక్కడినుంచి వచ్చిందో మీరు పొరపాటుగా లెక్కకట్టారని నా అభిప్రాయం. ఆయన లేరు, మీరు సంతోషంగా ఉన్నారు. కాబట్టి ఆయన లేకపోవడం వల్లే సంతోషం వచ్చిందని మీరు అనుకున్నారు. చిన్నమ్మాయి కూడా సరిగ్గా ఇదే లెక్క వేసింది. ఆయనా ఇదే లెక్క వేసి బుధవారం ఆ మాట అన్నారు. ఇంట్లో ముగ్గురు ఒకే లెక్కను నమ్మారు. ఆ రెండు రోజుల్లో ఆయనతోపాటు ఇంకొకటి కూడా ఇంట్లో లేదు, మీ జాబితా. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

జాబితా ఉన్న రోజుల్లో మీరు ఏం చేస్తుంటారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పిల్లలు ఆడుతుంటే మీరు గడియారం చూస్తారు. చిన్నది నవ్వితే, పెద్దదానికి విసుగ్గా ఉందేమో అని దానివైపు చూస్తారు. పెద్దది నవ్వితే ఆయనవైపు చూస్తారు. నలుగురూ సంతోషంగా ఉన్నారా లేదా అని చూసే బాధ్యత మీ మీద వేసుకున్నవారు, ఆ నలుగురిలో ఒకరిగా ఉండటం కష్టం. ఆయన ఊరెళ్లిన రోజున మీరు ఎవరి ముఖమూ చూడనక్కరలేకపోయింది. చీమల్ని చూశారు. మీకు దొరికింది అదే అని నేననుకుంటున్నాను. అది ఆయన ఉన్నా దొరుకుతుంది. కాకపోతే ఊరికే దొరకదు.

ఇంకో సంగతి. ఆ శనివారం మధ్యాహ్నం పిల్లలిద్దరూ కొట్టుకున్నారు. ఎనిమిదేళ్ల పిల్ల అరగంటసేపు గదిలో తలుపేసుకుని కూర్చుంది. దాన్ని మీరు రెండు వాక్యాల్లో దాటేశారు. మీరు దాచారని అనడం లేదు, మీ జ్ఞాపకమే దాన్ని పక్కకు నెట్టేసింది. రెండో శనివారం జరిగిన ఏడుపు, కసురు మాత్రం ఉత్తరంలో చాలా చోటు తీసుకున్నాయి. జ్ఞాపకం ఇలాగే పనిచేస్తుంది. 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్, ఆయన సహచరులు కొందరిచేత చల్లటి నీళ్లలో చెయ్యి పెట్టించారు. ఒకసారి పద్నాలుగు డిగ్రీల నీళ్లలో ఒక నిమిషం. ఇంకోసారి అవే నీళ్లలో అదే నిమిషం, ఆ తర్వాత నీళ్లను ఒక డిగ్రీ మేర వెచ్చబరుస్తూ మరో 30 సెకన్లు. ఈ రెండింటిలో ఏది మళ్లీ చేస్తారని అడిగితే ఎక్కువమంది రెండోదే ఎంచుకున్నారు. బాధపడే సమయం అందులోనే ఎక్కువ, అయినా ముగింపు కాస్త నయంగా ఉంది. మన మనసు రోజులో ఒకటి రెండు ఘట్టాలను, చివరి క్షణాలను పట్టుకుని మిగతాది వదిలేస్తుంది. మీ మొదటి ఆదివారం క్లిప్పులతో ముగిసింది. రెండో శనివారం బస్సులో అరుపుతో ముగిసింది. మధ్యలో గడిచిన గంటలు మీరు అనుకుంటున్నంత వేరుగా ఉండకపోవచ్చు. మళ్లీ తెచ్చుకోవాలని చూస్తున్న ఆ రెండు రోజులు, మీరు గుర్తుంచుకున్నంత నునుపుగా ఎప్పుడూ లేవు. ఇది నిరాశపరచడానికి చెప్పడం లేదు. వచ్చే శనివారం పిల్లలు కొట్టుకుంటే రోజంతా పాడైపోయిందని అనుకోకండి, అందుకే చెబుతున్నాను.

చిన్నదాని ఏడుపుకు కారణం చాలావరకు మీరే రాశారు, నిద్ర. మూడు, నాలుగేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు పది నుంచి పదమూడు గంటల నిద్ర ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మొదటిసారి సాయంత్రం బయలుదేరి, ఒళ్లో నిద్రపోయే వేళకు తిరిగి వచ్చారు. రెండోసారి ఎండపూట తీసుకెళ్లారు. దీనికింతకన్నా లోతైన అర్థం వెతకక్కరలేదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఏది ఎంచుకోవాలో నేను చెప్పలేను, మీ ఇంట్లో నేను లేను. ఏ దారి ఎటు పోతుందో మాత్రం చెప్పగలను.

ఏమీ మాట్లాడకుండా వదిలేయవచ్చు. చాలా ఇళ్లలో ఇలాంటి మాటలు నెల తిరిగేసరికి చల్లబడతాయి. మీ ఇంట్లోనూ చల్లబడవచ్చు. కానీ బుధవారం ఆయన అన్నది చిన్నమాట కాదు. జవాబు రాకపోయేసరికి ఆయన దాన్ని నిజమనుకునే వీలుంది. ఇకమీదట శనివారాల్లో ఆయనకు ఆఫీసు పనులు కాస్త ఎక్కువగా తగలవచ్చు, పిల్లలు పిలిస్తే “అమ్మతో వెళ్లండి” అనే మాట రావచ్చు. అలా పక్కకు తప్పుకోవడం త్యాగంలా కనిపిస్తుంది, అందుకే దాన్ని ఆపడం కష్టం. ఈ దారిని నేను తక్కువ ఇష్టపడుతున్నానని మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఆయనకు జరిగింది జరిగినట్టు చెప్పవచ్చు. చెబితే మాత్రం పూర్తిగా చెప్పండి. మీకు మామూలుగానే గడిచిందనో, ఆయన లేక దిగులుగా ఉందనో అబద్ధం కలపకండి. ఆయన పిల్లల ముఖాలు చూశారు, నమ్మరు. “ఆ రెండు రోజులు నాకు చాలా బాగున్నాయి. ఎందుకు బాగున్నాయా అని నెల రోజులుగా ఆలోచిస్తున్నాను. నేను అందరినీ కనిపెట్టుకుని ఉండటం మానేశాను, అందుకే. నువ్వు ఉన్నప్పుడు కూడా మానేయాలని ఉంది, ఎలాగో తెలియడం లేదు” అని మొదలుపెట్టవచ్చు, మీ మాటల్లోకి మార్చుకుని. దీనికి ఆయన నొచ్చుకోవచ్చు. “నన్ను కనిపెట్టుకుని ఉండమని నేనెప్పుడు అడిగాను?” అనవచ్చు. నిజానికి ఆయన అడగలేదు కూడా. ఆ మాట వస్తే వాదించకండి, ఆయన చేతికి ఒక నిజం దొరికిందని సంతోషించండి. అసలు సంభాషణ అక్కడి నుంచే మొదలవుతుంది.

మూడోది, పిల్లలతో ఆయన ఒక్కడే గడిపే రెండు రోజులు. మీరు ఇల్లు విడిచి వెళ్లాలి. పక్కగదిలో ఉండి ఫోన్లో అడగడం కాదు, నిజంగా వెళ్లాలి. ఆయన ఆ బస్సులో “మరి ఎందుకు?” అని అడిగినప్పుడు నాకు ఆయన మీద కోపం రాలేదు. ఇంకెవరో కట్టుకున్న ఇంట్లోకి అతిథిగా వచ్చినవారు అడిగే ప్రశ్న అది. ఆస్ట్రేలియా కుటుంబాలు రోజులో ఏ సమయం ఎవరితో గడుపుతాయో చూసిన లిన్ క్రెయిగ్ అనే పరిశోధకురాలు 2006లో ఒక సంగతి బయటపెట్టారు. తల్లులు పిల్లలతో ఒంటరిగా గడిపే సమయం చాలా ఉంటుంది. తండ్రులు పిల్లలతో గడిపే సమయంలో ఎక్కువ భాగం తల్లి కూడా పక్కన ఉన్న సమయమే. మీ ఆయన పనులు పంచుకుంటాడని రాశారు. ఎనిమిదేళ్లలో ఆయనకు కూతుళ్లతో, మీరు లేకుండా, ఏ జాబితా లేకుండా రెండు పూర్తి రోజులు ఎన్నిసార్లు దొరికాయో లెక్కపెట్టి చూడండి. మీకు ఆ దొరకడం ఆయన ఊరెళ్తే వచ్చింది. ఆయనకు ఇవ్వగలిగింది మీరే.

ఇది వినడానికి బాగుంటుంది, చేయడం కష్టం. ఆయన రెండు రోజులు మీలా గడపరు. పిల్లల జుట్టు చిక్కులు పడవచ్చు, భోజనాలు వేళ తప్పవచ్చు, చీమల్ని తుడిచేయవచ్చు కూడా. తిరిగి వచ్చి వాటిని సరిదిద్దడం మొదలుపెడితే ఆయనకు దొరికిన ఆ రెండు రోజులు మళ్లీ మీవైపోతాయి. సారా ఆలెన్, అలన్ హాకిన్స్ అనే పరిశోధకులు 1999లో ఉద్యోగాలు చేసే దంపతుల గురించి రాసినప్పుడు, భర్త చేసిన పని మళ్లీ తామే చేసే, ఎలా చేయాలో ప్రమాణం తామే పెట్టే తల్లుల్ని గడప దగ్గర కాపలా ఉన్నవారిగా వర్ణించారు. ఆ మాట కొంచెం కరుకుగా ఉంది. తల్లులు ఊరికే అలా కాపలా కాయరు, తప్పు జరిగితే మాట పడేది తామేనని తెలిసే కాస్తారు. అయినా కాపలా ఉన్న చోట అవతలి మనిషి బయటే నిలబడిపోతాడన్నది నిజం.

ఈ దారిలో ఇంకొక ప్రమాదం ఉంది, ముందే చెబుతున్నాను. మీరు ఆదివారం రాత్రి తిరిగివచ్చి తలుపు తడతారు. చిన్నమ్మాయి పరుగెత్తుకు వచ్చి మీ కాళ్లు చుట్టేసుకుని, “అమ్మా, మళ్లీ ఎప్పుడు వెళ్తావు?” అని అడగవచ్చు. ఆ క్షణం ఆయనకు ఎలా తగిలిందో మీకు మొదటిసారి తెలుస్తుంది. ఆ మాటకు మీరు నవ్వి, భోజనం కూడా చేయగలిగితే, ఆయన వెయ్యి మాటలతో తేలని సంగతి మీ ముఖం చూసి తేల్చుకుంటారు.

నాలుగోది, నెలకు ఒక పూట మీరు ముగ్గురే గడపడం. మీకు అది కావాలని ఉత్తరం నిండా ఉంది. అడగడానికి సిగ్గుపడకండి. అయితే దాన్ని దాచి చేయవద్దు. ముఖ్యంగా పెద్దమ్మాయితో “నాన్నకు చెప్పకు” అనే మాట ఎప్పుడూ అనకండి. ఎనిమిదేళ్ల పిల్ల రహస్యాలు మోయడంలో గర్వపడుతుంది, ఆ గర్వమే దాన్ని తండ్రికి దూరం చేస్తుంది. “పోయినసారే బాగుంది” అని అది బస్సులో అన్నప్పుడే మీకు కోపం ఎందుకు వచ్చిందో చూసుకోండి. మీ మనసులో ఉన్న మాటే అది పైకి అంది. నిజం చెప్పినందుకు తిట్లు తినింది. సారీ ఎవరైనా ఎవరికైనా బాకీ ఉన్నారంటే అది మీరు పెద్దమ్మాయికి. అందరిముందూ అరిచారు గనుక చెల్లెలి ముందే చెప్పండి, చిన్నగా చెప్పండి, కారణాలు ఏకరువు పెట్టకండి.

నలుగురూ కలిసి గడిపే రోజుల గురించి నా దగ్గర ఉన్నది ఒక్క సూచనే. ఆయన్ని మళ్లీ ఆ బస్సెక్కించకండి. అది మీ ముగ్గురిదీ. అందులో ఆయన ఎప్పుడూ ఆలస్యంగా వచ్చినవాడే అవుతారు. నలుగురిలో ఎవరికీ ముందు తెలియని చోటు, నలుగురూ చేతకానివాళ్లుగా మొదలుపెట్టే పని ఏదైనా చూడండి. ఏమిటన్నది శుక్రవారం రాత్రి మీరు తేల్చకండి. శనివారం పొద్దున పిల్లల్ని తేల్చమనండి, ఒకవారం ఒకరు. చిన్నదాని వంతు వచ్చినప్పుడు అది చెప్పేది మీకు పనికిమాలినదిగా తోచవచ్చు. చీమలు కూడా మొదట అలాగే కనిపించాయి కదా. జాబితా పూర్తిగా మానేయమని నేను అనను. పనులకు జాబితా ఉండాలి, లేకపోతే అవన్నీ మీ తలలోనే ఉండిపోతాయి. పనుల జాబితాను గోడకు అంటించి ఆయన్ని సగం తీసుకోమనండి. సంతోషాన్ని మాత్రం అందులో ఒక వరుసగా రాయవద్దు.

వీటన్నిటికీ ముందు, ఏ దారి పట్టినా చేయగలిగిన చిన్న పని ఒకటి ఉంది. ఆ రాత్రి తలుపు దగ్గర తండ్రి ఒక ప్రశ్న విన్నారు, ఆ ప్రశ్న వెనక ఉన్న కథ ఇప్పటికీ వినలేదు. ఎవరూ ఆయనకు చెప్పలేదు. మీరు ఆయన నొచ్చుకుంటారని మానేశారు, పిల్లలు మీ ముఖం చూసి మానేశారు. జరిగిన సంగతుల్ని పెద్దవాళ్లు పిల్లలతో వివరంగా మాట్లాడే ఇళ్లలో, “ఏం జరిగింది, తర్వాత?” అని అడిగి చెప్పించుకునే ఇళ్లలో, పిల్లలు తమ జ్ఞాపకాలను మరింత నిండుగా చెప్పగలుగుతారని రాబిన్ ఫివుష్, ఎలైన్ రీస్ వంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి చేసిన పరిశోధనల్లో తేలింది. వినే మనిషి ఆ రోజు అక్కడ లేనివాడైతే చెప్పేవాళ్లకు ఇంకా హుషారు. ఆయన అక్కడ లేరు. అంటే ఆ కథకు ఇంట్లో ఆయనకన్నా మంచి శ్రోత లేరు.

చిన్నమ్మాయిని దగ్గరికి తీసుకుని చెప్పండి: నాన్నకు సారీ చెప్పమనడం అమ్మ పొరపాటు, నువ్వేం తప్పు చేయలేదు, నాన్న ఊరెళ్లినప్పుడు మనం ఏం చేశామో నాన్నకు తెలియదు, చెబుతావా? ఆ తర్వాత పెద్దమ్మాయిని చీమల పుస్తకం తెమ్మనండి. పదకొండో చీమ, పన్నెండో చీమ అన్నీ చదవనివ్వండి. మధ్యలో మీరు అందించకండి, సరిదిద్దకండి, కాసేపు వేరే గదిలో ఉన్నా మంచిదే. బారు గోడ కిందకు దూరిపోయిందని అక్కడ రాసి ఉంటుంది. అవతలివైపు ఏముందో మీలో ఎవరూ చూడలేదు. ఆయన్ని అడగమనండి.